గోడ అవతలి దగ్గు

మా మామ దగ్గుతో పోయాడు. గద్వాలలో ఆయనను ఎరిగినవాళ్లు ఈ మాట వెంటనే నమ్మలేదు. ఊళ్లో ఎవరు దగ్గినా ఆగి, వాళ్ల ముఖంలోకి చూసి, దవాఖానకు పొమ్మని వెంటపడిన మనిషి ఆయన. అలాంటివాడు తన దగ్గును కండువాలో అణుచుకుంటూ నెలల తరబడి తిరిగాడు. మా అత్త అడిగినప్పుడల్లా నూలు దుమ్ము గొంతులో పడ్డదని చెప్పాడట. చివరికి పాలమూరు జిల్లా దవాఖానకు తీసుకెళ్లేసరికి ఇక చేసేది ఏమీ లేదన్నారు.

కబురు అందగానే నేను వనపర్తి నుంచి బస్సెక్కాను. ఆ దారి పొడుగునా నాకు గుర్తొచ్చింది దగ్గి దగ్గి చిక్కిపోయిన మామ కాదు. అంతకుముందున్న మామ. ఆ మనిషిని చూసినవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో కూడా తక్కువే.

ఆయన మా అమ్మకు తమ్ముడు. గద్వాలలో మగ్గం నేసేవాడు. ఆయన మగ్గం గది ఇంటి ముందు భాగంలో వీధి వైపు ఉండేది. దానికీ లోపలి ఇంటికీ నడుమ ఒక్క గోడే. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తూ, వీధిలో పోయేవాళ్లందరినీ కిటికీలోంచి పిలిచేవాడు. పిలుపుకు పని ఏమీ ఉండదు. "ఎటు పోతున్నవ్, జర కూసో" అనేవాడు, అంతే. వచ్చినవాడు గుంట అంచున కూర్చునేవాడు. ఇద్దరు ముగ్గురు చుట్టూ ఉంటే తప్ప ఆయన చెయ్యి సాగేది కాదు. ఒంటరిగా నేసిన చీర అంచు వంకర పోతుందని అత్త వేళాకోళం చేసేది. ఆయన కాదనేవాడు కాదు. "మనిషికి మనిషి వాసన గావాలె" అనేవాడు.

తినడం కూడా అంతే. కంచం పట్టుకుని అరుగు మీదకు వచ్చి కూర్చునేవాడు. దారిన పోయే పిల్లల నోట్లో ఒక్కో ముద్ద పెట్టేవాడు. వాళ్లు ఎవరి పిల్లలని చూసేవాడు కాదు. కూతురు సుజాతతో అయితే ఒకే కంచం. ఆ అమ్మాయి పెద్దమనిషి అయినాక, పెళ్లయి నాగర్‌కర్నూలు పోయినాక కూడా, పుట్టింటికి వచ్చిందంటే నాయిన కంచంలోనే చెయ్యి పెట్టేది. అత్తకు అది నచ్చేది కాదు. ఆడపిల్లకు ఇదేం అలవాటని గొణిగేది. తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవాళ్లు.

నేను వెళ్లినప్పుడు నా మణికట్టు పట్టుకునేవాడు. ఇక వదలడు. ఆ ఊరి సంగతి, ఈ ఊరి సంగతి, మా బడి సంగతి అన్నీ అడిగి, అన్నీ చెప్పి, టీ తాగడానికి కూడా ఎడమ చేతినే వాడుకునేవాడు తప్ప నా చెయ్యి విడిచేవాడు కాదు. ఎవరైనా నలతగా కనిపిస్తే అరచేయి తిప్పి, వేళ్ల వెనుక భాగంతో మెడ మీద తాకి చూసేవాడు. నూలు లాగి లాగి అరచేతికి కాయలు కాసి వేడి తెలియదని, వెనుక చర్మం అబద్ధం చెప్పదని అనేవాడు.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడు సుజాత తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల నిండింది. పూనాలో జనం ముఖాలకు గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారని టీవీలో రోజూ చూపిస్తున్నారు. అది ఎక్కడో జరుగుతున్న సంగతి అనుకున్నాం. మాకు పూనా దూరమేమీ కాదని నర్సింలు జ్వరంతో దిగిన రోజు తెలిసింది.

నర్సింలు మామకు చిన్ననాటి దోస్తు. చీరల మూటలు పూనాకు తీసుకుపోయి అక్కడి దుకాణాల్లో ఇచ్చి వచ్చేవాడు. ఆ సారి దసరాకు ముందు ఒళ్లు కాలిపోతూ వచ్చి పడ్డాడు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. వీధిలోవాళ్లు తలుపులు వేసుకున్నారు. మామ జీపు మాట్లాడి అతణ్ని ఎక్కించుకుని హైదరాబాదు తీసుకుపోయాడు. దారంతా అతని తల తన ఒళ్లో పెట్టుకుని, కండువాతో ముఖం తుడుస్తూ కూర్చున్నాడు. అక్కడ పెద్ద దవాఖానలో అతన్ని వేరే వార్డులో పెట్టి, పరీక్ష ఫలితం తర్వాత చెబుతామని మామను పంపేశారు. మామ ఇంటికి వచ్చి స్నానం చేసి, ఆకలిగా ఉందని కూతుర్ని పిలిచి, ఎప్పటిలాగే ఒక్క కంచంలో తిన్నాడు.

నర్సింలుకు ఆ ఫ్లూనే అని ఆ తర్వాత ఫోను వచ్చింది.

మామ వెంటనే గద్వాల దవాఖానకు పోయాడు. అక్కడి డాక్టరమ్మ మంచిది, ఓపికగా చెప్పిందని తర్వాత ఎన్నోసార్లు అన్నాడు. రోగిని తాకిన మనిషి గనుక వారం రోజులు ఎవరితో కలవకుండా విడిగా ఉండమంది. దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. జ్వరం తగిలితే ఆ రోజే రావాలి. ఇంట్లో గర్భిణులు ఉన్నారా అని అడిగింది. ఉందని చెప్పగానే ఆమె ముఖం మారిందట. కడుపుతో ఉన్నవాళ్లకు ఇది చాలా గట్టిగా పట్టుకుంటుందని, మీకు ఏమీ రాకపోయినా ఆమెకు రావచ్చని, కొంచెం దగ్గు కనిపించినా మర్నాటికి ఆగకుండా తీసుకురమ్మని చెప్పింది. గోలీలు తెప్పించి పెడతానంది.

దసరా సెలవుల్లో నేను చూడటానికి వెళ్లాను. మామ మగ్గం గదిలో ఉన్నాడు. నన్ను కిటికీ దగ్గరికి కూడా రానివ్వలేదు. వీధికి అవతల, ఎదురింటి గోడ నీడన నిలబెట్టి మాట్లాడాడు. నా చెయ్యి పట్టుకోకుండా ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. చేతులు ఏం చెయ్యాలో తెలియక కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"నాకేం లేదు అల్లుడా. జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా డాక్టరమ్మ చెప్పినంక చెప్పినట్టు ఇనాలె గదా. లోపట పసిది ఉన్నది."

పసిది అంటే సుజాత. ఆమె ఇంట్లో ఆ గోడకే ఆనుకుని కూర్చుని ఉండటం నేను లోపలికి వెళ్లినప్పుడు చూశాను. తండ్రీ కూతుళ్లు గోడకు చెరోవైపు కూర్చుని మాట్లాడుకునేవాళ్లట. పుట్టబోయే బిడ్డకు పేర్లు అనుకునేవాళ్లట. ఆమె ఒక పేరు గట్టిగా అంటే అవతలినుంచి ఆయన వద్దని గోడ మీద కొట్టేవాడు, నచ్చితే ఊరుకునేవాడు. నేనున్నంతసేపట్లో ఆయనకు ఒక్క పేరూ నచ్చలేదు. సుజాత నవ్వి నవ్వి కడుపు పట్టుకుంది. అన్నం అత్త తీసుకుపోయి గుమ్మంలో పెట్టి వచ్చేది. ఆయన ఎంత తింటున్నాడని అడిగితే, పెట్టింది పెట్టినట్టే ఉంటుందని అత్త చెప్పింది.

నేను వనపర్తి తిరిగి వచ్చాక వాన పట్టుకుంది. అది వానలాగా కాదు, మొదలుపెట్టినవాడు ఆపడం మరిచిపోయినట్టు కురిసింది. తుంగభద్ర పొంగి అలంపూరును ముంచింది. కర్నూలు నీళ్లలో ఉందన్నారు. గద్వాలలో మగ్గం గుంటల్లోకి నీళ్లు ఊరాయి. మామ నేయడం కూడా ఆగిపోయింది. తడి నేల మీద బల్ల వేసుకుని, ఆ గోడను చూస్తూ కూర్చోవడం తప్ప ఆయనకు పని లేదు.

ఆ వానలోనే గోడ అవతల దగ్గు వినిపించింది.

ఆ రోజు సంగతి అడిగినవాళ్లందరికీ మామ ఒకే మాట చెప్పాడు. "నేను దగ్గు విన్న. ఆ పొద్దు దవాఖానకు తీస్కపోలే. తెల్లారి తీస్కపోయిన." అంతకుమించి ఒక్క ముక్క ఎప్పుడూ చెప్పలేదు. వానకు జంకాడేమో, జలుబే అనుకున్నాడేమో అని మేమే అనుకున్నాం. ఇంత జాగ్రత్త మనిషి ఆ ఒక్క రోజు ఎందుకు ఊరుకున్నాడని మా అమ్మ తమ్ముడి మీద కోపంతో చాలా ఏళ్లు ఏడ్చింది.

తెల్లారేసరికి సుజాతకు ఊపిరి అందడం లేదు. గద్వాల దవాఖానలో చూసి వెంటనే పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. గోలీలు జిల్లా నుంచి రావాలి, రోడ్లు తెగి ఇంకా రాలేదు. దగ్గరున్న కర్నూలుకు దారి లేదు. ఈ జబ్బుకు మిషను పెట్టే వార్డు పాలమూరులో లేదు, మిగిలింది హైదరాబాదే. నాకు ఫోను చేసి పెబ్బేరు దగ్గర హైవే మీద ఉండమన్నారు. హైదరాబాదులో నాకు తెలిసిన దారులు వాళ్లకు తెలియవు.

నేను పెబ్బేరులో గొడుగు కింద నిలబడి దక్షిణం వైపు చూస్తూనే ఉన్నాను. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెనను తాకేలా పారుతోందని, పోలీసులు బండ్లు ఆపేశారని అటునుంచి నడిచి వచ్చినవాళ్లు చెప్పారు. ఆంజనేయస్వామి గుడి మెట్లు కనిపించడం లేదన్నారు. ఆ వరుసలో మా జీపు కూడా ఎక్కడో ఉంది. అత్త దిగి, వాన నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని పోలీసులకు దండం పెట్టిందని, అప్పుడు వదిలారని డ్రైవరు తర్వాత చెప్పాడు.

జీపు ఆగినప్పుడు వెనుక తలుపు తీశాను. సుజాత తల అత్త ఒళ్లో ఉంది. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. మామ ముక్కూ నోరూ కండువాతో బిగించి కట్టుకుని, జీపు కొసన, బిడ్డ కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చున్నాడు. ఎంత దూరం జరగగలడో అంత దూరం జరిగాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

కొత్తకోట దాటాక సుజాత కళ్లు తెరిచి తండ్రి కోసం వెతికింది.

"నాయినా, చెయ్యి పట్టుకో."

మామ కదలలేదు. నా వైపు చూశాడు. ఆయన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"పట్టుకోవచ్చునా అల్లుడా? వారం కాలే."

పట్టుకో మామా, ఇప్పుడు ఏమీ కాదన్నాను. ఆయన నన్ను నమ్మలేదు. లేదా తన్ను తాను నమ్మలేదు. చెయ్యి ముఖానికి దగ్గరవుతుందని భయపడి, ముందుకు వంగి, బిడ్డ రెండు పాదాలు పట్టుకున్నాడు. కన్నతండ్రి అలా కాళ్లు పట్టుకోవడం చూసి అత్త తల తిప్పుకుంది. సుజాత పాదం కొద్దిగా కదిపింది. హైదరాబాదు చేరేదాకా ఆయన ఆ పాదాలు వదల్లేదు. వేళ్ల వెనుక భాగాలతో మడమలను తాకుతూ, చల్లగా ఉన్నాయని గొణుగుతూ, తన అంగీ కింద పెట్టుకుని వెచ్చచేస్తూ కూర్చున్నాడు.

దవాఖానలో వెంటనే చేర్చుకున్నారు. గోలీలు ఇచ్చారు, మిషను పెట్టారు. ఆలస్యమైందని మాత్రం ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. ఒక నడివయసు డాక్టరు బయటికి వచ్చి, మొదటి రోజే మందు పడితే చాలామంది బతుకుతున్నారని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆ మాట మామ మీద పడటం నేను చూశాను.

కడుపులో బిడ్డ ముందు పోయింది. మర్నాడు సుజాత పోయింది.

శవాన్ని ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి ఇచ్చారు. ముఖం చూపించి మళ్లీ కప్పేశారు. సుజాత మొగుడు నాగర్‌కర్నూలు నుంచి వచ్చి ఒక స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరి వంకా చూడలేదు. మామ ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయి, దూరంగా ఆగిపోయి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. అదే హైదరాబాదులో, అదే దవాఖానలో, ఇంకో అంతస్తులో నర్సింలు కోలుకుని గంజి తాగుతున్నాడు.

మామకు జ్వరం రానే లేదు. ఒక్క తుమ్ము కూడా రాలేదు. జబ్బు ఆయననుంచి బిడ్డకు అంటిందో, దసరాకు ఇంటికి వచ్చిపోయినవాళ్లనుంచి అంటిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. వీధిలోవాళ్లకు మాత్రం అనుమానం లేదు. తండ్రే తెచ్చి పెట్టాడన్నారు. ఆయన విన్నాడు. కాదనలేదు.

నర్సింలు ఊరికి వచ్చాక నేరుగా మామ దగ్గరికి రాలేక చాలా రోజులు ముఖం చాటేశాడు. చివరికి ఒకరోజు వచ్చి వీధిలో తల వంచుకుని నిలబడ్డాడు. అత్త చూసి లోపలికి వెళ్లిపోయింది. మామ లేచి బయటికి వచ్చి, కాస్త ఎడంగా నిలబడి, "జ్వరం మళ్ల రాలే గదా?" అని అడిగాడు. నర్సింలు రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. మామ ఏడవలేదు, దగ్గరికీ పోలేదు. అతను లేచేదాకా అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత మామ మరో మనిషి అయ్యాడు. కిటికీలోంచి ఎవరినీ పిలవడు. ఎవరైనా వచ్చి కూర్చుంటే, ఏదో పని ఉన్నట్టు లేచి అటు జరుగుతాడు. కంచం గోడ వైపు తిప్పుకుని తింటాడు. నేను వెళితే "వచ్చినవా" అనేవాడు. చెయ్యి చాచేవాడు కాదు. నేనే చెయ్యి పట్టుకున్నాను ఒకసారి. కాసేపు ఉంచి, నొప్పించకుండా, మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

కానీ దగ్గు వినిపిస్తే మాత్రం ఆయన తన వశంలో ఉండేవాడు కాదు. బస్సులో, సంతలో, పెళ్లిపందిట్లో, ఎక్కడైనా సరే, చెవి అటే పోయేది. దగ్గర్లో నిలబడి, ఎన్ని రోజులనుంచని అడిగేవాడు. ఇయ్యాలనే పో, రేపటికి పెట్టకు అనేవాడు. మొదట్లో జనం పాపమనుకున్నారు. తర్వాత నవ్వారు. ఆయన కనిపిస్తే కుర్రకారు కావాలని దగ్గేవాళ్లు. అది వేళాకోళమని ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఆగేవాడు, ఒకవేళ నిజమైతే అని.

ఒకసారి నేను పక్కన ఉన్నాను. గద్వాల బస్టాండులో కడుపుతో ఉన్న ఒక అమ్మాయి దగ్గుతోంది. పల్లెనుంచి వచ్చినట్టున్నారు, పక్కన మొగుడూ మూటలూ ఉన్నాయి. మామ వెళ్లి ఆమె మొగుడికి చెప్పాడు. అతను పట్టించుకోలేదు. మామ మళ్లీ చెప్పాడు. ఆటో తెస్తానన్నాడు, దవాఖాన దగ్గరే అన్నాడు. మా ఆడమనిషి సంగతి నీకెందుకని అతను మామను ఛాతీ మీద చెయ్యి వేసి తోశాడు. మామ వెనక్కి పడ్డాడు. నేను లేపేలోగా వాళ్లు బస్సెక్కేశారు. మామ లేచి ఆ బస్సు పక్కన నడుస్తూ, కిటికీలోని ఆ అమ్మాయికి చెబుతూనే ఉన్నాడు. బస్సు కదిలింది. ఆమె ఏమైందో మాకు తెలియదు. ఆయన మాట విని ఎవరైనా దవాఖానకు పోయారేమో, ఎవరైనా బతికారేమో అదీ తెలియదు. పోయినవాళ్లెవరూ వచ్చి ఆయనకు చెప్పలేదు.

ఆ రోజు బట్టల మీది దుమ్ము దులుపుతూ అడిగాను, ఎందుకు మామా నీకీ అవమానమని. ఆయన కోపగించుకోలేదు. "నేను విన్న గదా అల్లుడా. విన్నోడు ఊకుండొద్దు" అన్నాడు.

ఇప్పుడు ఆయన పోయిన ఇంట్లోకి అడుగుపెట్టాను. మట్టి చేసి వచ్చాక చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నర్సింలు వీధిలో కొంతసేపు కూర్చుని, ఎవరూ పలకరించకపోతే వెళ్లిపోయాడు. అత్త మగ్గం గది గుమ్మంలో కూర్చుంది. నన్ను పక్కన కూర్చోమంది.

"సుజాత దగ్గిన పొద్దు సంగతి నీకు చెప్పిండా మీ మామ?" అని అడిగింది.

దగ్గు విన్నాడని, ఆ రోజు తీసుకుపోలేదని చెప్పాడన్నాను.

"అంతేనా?"

అంతే అన్నాను. అత్త నేల మీద వేలితో రాస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది. దగ్గు వినపడగానే మామ గోడ మీద గట్టిగా కొట్టాడట. దవాఖానకు తీసుకుపొమ్మని అరిచాడట. అత్త జలుబే అంది. మిరియాల కషాయం ఇచ్చానంది. అక్కడికి పోతే ముక్కులో పుల్ల పెట్టి, నర్సింలును పట్టుకుపోయినట్టు తొలిచూలు పిల్లను హైదరాబాదు పట్టుకుపోతారని ఆమె భయం. ఆయన ఆగలేదు. గదిలోంచి బయటపడి, వానలో తడుస్తూ ఇంటి గుమ్మం దాకా వచ్చాడు. బిడ్డను తానే తీసుకుపోతానన్నాడు.

"నేను గడప కాడ చేతులు అడ్డం పెట్టిన. లోపటికి రాకు, డాక్టరమ్మ ఏం జెప్పింది, బిడ్డను సంపుతవా అన్న. గా మాట అన్నంక ఆయన కాలు ఎత్తలే. వానల గట్లనే నిలబడ్డడు. నన్ను జూసిండు. ఎనకకు తిరిగి పోయిండు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎన్నో ఏళ్లుగా లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటల్లా వచ్చాయి.

"గా సంగతి ఎవరికీ చెప్పలే అల్లుడా. మీ అమ్మ తిడితే పడ్డడు. ఊరోళ్లు అంటే పడ్డడు. నన్ను ఒక్కనాడు ఒక్క మాట అనలే. అంటడేమోనని దినాం జూసిన. కంచం పెట్టినప్పుడల్లా, ఇయ్యాల అంటడు అనుకున్న. అంటే నాకు జర తేలికయ్యేది."

వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ లోపలికి తొంగి చూసి వెళ్లిపోయారు. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను.

"ఇద్దరం మోసినం గిన్నొద్దులు," అంది. "ఇగ నేనొక్కదాన్నే."